ఎంపిక కాకపోవడానికి కారణాలు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ ఒకదాన్నొకటి తరుముకోవడం మానేసి బంతిని తరమడం మొదలుపెట్టాయి.

అది మన వైపు అడవి కాదు. సముద్రాల అవతల, మన జామాయిల్ చెట్లకు పుట్టిల్లయిన ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి ఫుట్‌బాల్ కూడా మన ఫుట్‌బాల్ కాదు. బంతి గుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు, ఎదుటివాడి వీపు మీద మోకాలు మోపి గాల్లోకి లేచి మరీ అందుకోవచ్చు. అలా అందుకున్నవాణ్ణి ఎవరూ తిట్టరు, పైగా చప్పట్లు కొడతారు.

మైదానం కొసన నాలుగు స్తంభాలు పాతి ఉంటాయి. నడిమి సందులోంచి బంతిని తన్నితే గోలు, దానికి ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. తప్పుకు కూడా ఎంతో కొంత గిట్టుబాటు ఉంది కాబట్టి, అడవిలో పదవులు వెలగబెట్టే జంతువులందరికీ ఆ ఆట తెగ నచ్చింది.

ఆడినందుకు ఎవరికీ ఏమీ ముట్టదు. ఆట మధ్యలో నారింజ తొనలు పెడతారు, అంతే. పగలు మేతకు పోయేవాళ్లు మేతకు పోయి, బొరియలు తవ్వుకునేవాళ్లు తవ్వుకుని, పొద్దు వాలే వేళకు మైదానానికి వచ్చి ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు. చేతికి ఏమీ రాని వ్యవహారం కావడంతో అందరూ పరువు కోసమే కొట్టుకునేవాళ్లు. చేతికి ఏదైనా వచ్చే చోట ఇంత పట్టుదల ఉండదు.

ఆ పరువంతా ఒక చొక్కాలో ఉండేది.

ఏటా ఒకసారి అడవిలోని జట్లన్నిటి నుంచీ మంచి ఆటగాళ్లను ఏరి, ఒకే జట్టు కట్టి, ఏటి అవతల ఉన్న అడవి మీదకు పంపేవారు. పెద్దలు దాన్ని ప్రాతినిధ్య మ్యాచ్ అనేవారు. మిగతా అందరూ 'చొక్కా ఆట' అనేవారు, ఎందుకంటే ఆ రోజు ఆడేవాళ్లకు నీలం చారల చొక్కా ఇస్తారు. అది ఒక్కసారి ఒంటి మీద పడితే చాలు, నీటిగుంట దగ్గర దారి ఇస్తారు. పెళ్లి సంబంధాల్లో ఆ సంగతే ముందు చెబుతారు. పేరుకు ముందు కూడా చొక్కా వచ్చి చేరుతుంది. అడవి సంఘం అధ్యక్షుడు, ఎప్పుడూ చెట్టుకొమ్మ పట్టుకుని కునికే జంతువైన ముసలి కోలాను అందరూ చొక్కా భూషయ్యగారు అనే పిలిచేవారు. ఆయన ఆ ఆటలో ఏం చేశాడో గుర్తున్నవాళ్లెవరూ బతికి లేరు. ఆయనకూ గుర్తు లేదు.

మన వైపు కథల్లో అయితే ఇలాంటి చోట నక్కను తెచ్చి పెడతారు. ఆ అడవిలో ఆ పని చూసుకునేది డింగో, అంటే అక్కడి అడవికుక్క. గవరయ్య అనే డింగో ఏటిగట్టు జట్టుకు కార్యదర్శి. జట్టు పుట్టిన దగ్గర్నుంచీ పోటీల్లో అట్టడుగున ఉండేది, గవరయ్య కార్యదర్శిగా ఉండేవాడు. ఓడిపోయే జట్టుకు కార్యదర్శి పదవి అడిగేవాడు ఎవడు? అందుకని ఆయన పదవికి ఏనాడూ పోటీ రాలేదు.

అలాంటి జట్టు ఆ ఏడు ఫైనల్‌కు చేరింది. కారణం ఒక్కడే. చిట్టెబ్బాయి.

చిట్టెబ్బాయి పడుచు కంగారూ. వాడు గాల్లోకి లేస్తే కింద ఉన్నవాళ్లు ఆట మరిచిపోయి తలెత్తి చూసేవాళ్లు. ఎంత రద్దీలోనైనా ముందు వాడి చెవులు కనపడేవి, తర్వాత చేతులు, ఆ చేతుల్లో బంతి. వాడికి బంతి పట్టడం నేర్పింది గవరయ్యే. పిల్లాడిగా ఉన్నప్పుడు ఏటి ఒడ్డున నిలబెట్టి, జామాయిల్ కాయలు విసిరి పట్టించేవాడు. వాడంటే గవరయ్యకు ప్రాణం. ఆ మాట ఎప్పుడూ వాడితో అనలేదు. అంటే పిల్లలు చెడిపోతారని ఆయన నమ్మకం.

చిట్టెబ్బాయికి కప్పు మీద అంత ధ్యాస లేదు. వాడికి కావలసింది చొక్కా. వాడి తల్లి ఒకప్పుడు చొక్కా ఆట ఆడింది, అదీ వాణ్ణి సంచిలో పెట్టుకుని.

"ఆ ఆటలో నేనూ ఉన్నాను బాబాయ్," అనేవాడు గవరయ్యతో. "కాకపోతే నాకేమీ కనపళ్లేదు. ఒకసారి కళ్లారా చూస్తూ ఆడాలని ఉంది."

గవరయ్యకేమో కప్పు కావాలి. ఒక్కసారి, ఒక్క ఏడాది, ఆ కప్పు తెచ్చి ఏటిగట్టు మీద పెట్టి, వచ్చే పోయేవాళ్లంతా చూస్తుంటే తను పక్కనే కూర్చోవాలి. అంతకు మించి ఆయన ఈ జన్మకు ఏమీ కోరలేదు.

చిక్కేమిటంటే, చొక్కా ఆట ఫైనల్‌కు సరిగ్గా వారం ముందు వస్తుంది. ఏటి అవతలివాళ్లు బంతి దొరక్కపోతే మోకాలు తన్నే రకం. పోయినేడు చొక్కా ఆటకు వెళ్లినవాళ్లలో సగం మంది కుంటుతూ వచ్చారు, మిగతా సగాన్ని మోసుకొచ్చారు. పోనీ మావాణ్ణి పంపం అందామంటే, ఎంపికైన ఆటగాణ్ణి పంపని జట్టును పోటీల్లోంచి తీసేస్తారు. పంపితే కాలు పోతుంది, పంపకపోతే ఫైనల్ పోతుంది.

గవరయ్య ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. అసలు వాడు ఎంపిక కాకపోతే ఏ గొడవా లేదు.

ఎంపిక సభకు బయల్దేరుతుంటే చిట్టెబ్బాయి ఎదురొచ్చాడు. ఒళ్లంతా దులుపుకుని, చెవులు నున్నగా దువ్వుకుని ఉన్నాడు.

"బాబాయ్, నా పేరు చెప్తావు కదూ?"

"చెప్పకుండా ఎలా ఉంటానురా?" అన్నాడు గవరయ్య. అది అబద్ధం కాదు. పేరు చెప్పే ఉద్దేశం ఆయనకు ఉంది.

సభ ఎండిపోయిన పెద్ద మాను చుట్టూ జరిగింది. ఒక్కో జట్టు కార్యదర్శి మాను మొద్దు ఎక్కి, తన జట్టులోని మంచి ఆటగాడి గురించి తనే చెప్పాలి. పక్క జట్టువాణ్ణి చెప్పనిస్తే నిజం చెప్పేస్తాడేమోనని అలా పెట్టారు. సభ జరుగుతున్నంతసేపూ పక్కచెట్టు కొమ్మ మీద ఒక పొడుగు తోక పక్షి కూర్చుని వింటూ ఉంది. లైర్ పక్షి అంటారు దాన్ని. విన్న మాటను విన్నట్టు, అన్నవాడి గొంతుతో సహా అప్పజెప్పగలదు. అది అక్కడ ఎందుకుందో గవరయ్య పట్టించుకోలేదు. ఏదో పక్షి, కొమ్మ మీద కూర్చుంది అనుకున్నాడు.

ముందు మడుగు జట్టు కార్యదర్శి మొసలి మొద్దెక్కాడు.

"మావాడు మంచి ఆటగాడేనండి," అన్నాడు విచారంగా. "కాకపోతే నీళ్లు కనపడితే ఆగలేడు. ఏటి అవతల ఆట కదా, దారిలోనే దిగిపోతాడేమోనని మా భయం."

తర్వాత ఇసుకదిబ్బ జట్టు కార్యదర్శి ఉడుము. "మావాడికి ఎండ ఉంటే తిరుగు లేదు. మబ్బు పట్టిందంటే మాత్రం ఒళ్లు కదలదండి. ఆ రోజు మబ్బు పట్టేలా ఉందంటున్నారు."

గవరయ్యకు నవ్వొచ్చింది. ఫైనల్ లేకపోయినా వచ్చే ఏటికి వీళ్లకూ మోకాళ్లు కావాలి, అందుకే వీళ్లంతా తను వచ్చిన పని మీదే వచ్చారన్నమాట. అయితే వీళ్లకు అబద్ధమాడటం చేతకాదు. నీళ్లట, మబ్బట. ఇంత మెతగ్గా చెబితే ఎవరు నమ్ముతారు? చెబితే గట్టిగా చెప్పాలి. ఆయన గొంతు సవరించుకుని మొద్దెక్కాడు.

"మా జట్టులో చిట్టెబ్బాయని ఒకడున్నాడండి. ఎగురుతాడని అందరూ అంటారు. నిజమే, ఎగురుతాడు. బంతి కోసం కాదు, అలవాటు కొద్దీ ఎగురుతాడు. పైకి వెళ్లాక కళ్లు మూసుకుంటాడు. బంతి వచ్చి వాడి చేతుల్లో పడిందే గానీ వాడు పట్టింది లేదు."

సభలో చిన్న గుసగుస పుట్టింది. గవరయ్యకు ఊపొచ్చింది.

"ఎడమ కాలు ఒకటుందని వాడికి తెలియదండి. గాలి వీచిందంటే బెదిరిపోతాడు. అన్నిటికంటే పెద్ద సంగతి, నలుగురూ చూసే ఆటలో వాడికి గుండె జారిపోతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, నేనే పెంచాను కాబట్టి చెప్తున్నా. పెద్ద ఆటకు పనికిరాడు."

ఒక్కటీ నిజం కాదు. అన్నీ అప్పటికప్పుడు నోటికొచ్చినవి. అయినా చెబుతుంటే తనకే నమ్మబుద్ధేసేంత బాగా కుదిరాయి.

"మరి మీ జట్టు నుంచి ఎవర్నంటారు?" అని భూషయ్యగారు కళ్లు తెరవకుండా అడిగారు.

"అప్పలకొండ ఉన్నాడండి. ఎంతో క్రమశిక్షణ."

అప్పలకొండ వాంబాట్. వాంబాట్ అంటే పొట్టి కాళ్లతో బొరియలు తవ్వుకుంటూ బతికే బొద్దు జంతువు. అప్పలకొండ క్రమశిక్షణ ఏమిటంటే, నిలబెట్టిన చోట ఆట అయ్యేదాకా నిలబడేవాడు. బంతి వచ్చినా కదిలేవాడు కాదు.

చివర్న రాతిగుట్ట జట్టు వంతు వచ్చింది. ఫైనల్లో ఏటిగట్టుతో తలపడబోయేది ఆ జట్టే. దాని కార్యదర్శి మాణిక్యమ్మ అనే పెద్ద ఈము. ఆవిడ మొద్దెక్కలేదు. ఎక్కకుండానే అందరికంటే ఎత్తుగా ఉంటుంది.

"మా నూకరాజు గురించి ఏం చెప్పమంటారు నాయనా," అని మొదలెట్టింది. నూకరాజు వాలబీ, కంగారూల్లోనే పొట్టి రకం. మరీ తీసెయ్యాల్సిన ఆటగాడు కాదు, చెప్పుకోవలసినవాడూ కాదు. "వాడు మైదానంలో ఉంటే మిగతావాళ్లకు పని ఉండదు. రెండు కాళ్లూ ఒకలాగే ఆడతాయి. జనం ఎంతమంది చూస్తే అంత చెలరేగిపోతాడు. నా వయసులో ఇలాంటివాణ్ణి నేను చూళ్లేదు. వాణ్ణి పంపండి. మిగతా వాళ్లెవరు ఆడినా ఆడకపోయినా ఒకటే. మన అడవి పేరంటే ఇక వాడి పేరే."

గవరయ్య జాలిపడ్డాడు. పెద్దావిడ, పాపం చొక్కా మోజులో కప్పు పోగొట్టుకుంటోంది అనుకున్నాడు.

సభలో మాత్రం మొహాలు మాడిపోయాయి. మొసలి ఉడుము వైపు చూశాడు. ఉడుము భూషయ్యగారి వైపు చూశాడు.

"అంత గొప్పవాడైతే మనవాళ్లంతా చిన్నబోరూ?" అన్నాడు మొసలి.

"జట్టంటే అందరిదీ కావాలి. ఒక్కడిదైతే ఎలా?" అన్నాడు ఉడుము.

నూకరాజును వద్దనుకున్నారు. మాణిక్యమ్మ నిట్టూర్చి, "మీ ఇష్టం నాయనా," అని పక్కకు తిరిగి ఈకలు సర్దుకుంది.

సభ ముగిసింది. గవరయ్య తేలికపడి లేవబోతుంటే మొసలి ఆపాడు.

"కూర్చోవయ్యా, చాటింపు ఉంది కదా."

"ఏం చాటింపు?"

"ఎంపిక కానివాళ్లకు కారణాలు చాటాలి. ఆ మధ్య చాటుమాటుగా ఎంపికలు జరుగుతున్నాయని గోల పుడితే, ఈ ఏటి నుంచి చాటాలని సంఘం తీర్మానం చేసింది కదా. ఓహో, అట్టడుగు జట్టని నిన్ను ఆ తీర్మానానికి పిలవలేదు కాబట్టి నీకు తెలిసినట్టు లేదు."

మొసలీ ఉడుమూ అంత మెతగ్గా ఎందుకు చెప్పారో గవరయ్యకు అప్పుడు అర్థమైంది.

అప్పటికే లైర్ పక్షి మైదానం పక్క చెట్టెక్కింది. కింద అడవంతా చేరి ఉంది. చిట్టెబ్బాయి ముందు వరసలో ఉన్నాడు. పక్కన మోకాళ్ల నొప్పులతో వాడి తల్లి. కబురు వినగానే ఎత్తుకుని ఊరేగిద్దామని ఏటిగట్టు కుర్రాళ్లు వెనకాల సిద్ధంగా ఉన్నారు.

పక్షి ముందు ఎంపికైనవాళ్ల పేర్లు చెప్పింది. అప్పలకొండ పేరు వినపడగానే అప్పలకొండ వెనక్కి తిరిగి, ఇంకో అప్పలకొండ ఎవరని వెతికాడు. తర్వాత కారణాలు మొదలయ్యాయి. మొసలి గొంతుతో నీళ్ల సంగతి, ఉడుము గొంతుతో మబ్బు సంగతి. జనం నవ్వారు, ఆ ఆటగాళ్లూ నవ్వారు. మొసలి నీళ్లలోకి దిగితే తప్పేముంది, ఉడుముకు ఎండ కావాలంటే నామోషీ ఏముంది?

ఆ తర్వాత కొమ్మ మీద నుంచి గవరయ్య గొంతు వినపడింది. గొంతు సవరించుకోవడంతో సహా.

"చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, నేనే పెంచాను కాబట్టి చెప్తున్నా. పెద్ద ఆటకు పనికిరాడు."

ఎవరూ నవ్వలేదు. పక్కచెట్టు మీది కూకబరాలు, ఊరికే కూడా పగలబడి నవ్వే పిట్టలు, అవీ నోరు మూసుకున్నాయి. చిట్టెబ్బాయి తలెత్తి పక్షిని చూడలేదు. జనం మధ్యలో నిలబడ్డ గవరయ్యనే చూశాడు. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. గవరయ్యకు తల కొట్టేసినట్టయింది.

చివరి కారణం మాణిక్యమ్మ గొంతుతో కొంత, మొసలి గొంతుతో కొంత వచ్చింది. నూకరాజుకు రెండు కాళ్లూ ఒకలాగే ఆడతాయనీ, అంతటివాడు పక్కనుంటే మిగతావాళ్లు చిన్నబోతారనీ, అందుకే ఎంపిక చెయ్యలేదనీ చాటింది. నూకరాజు కాసేపు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచాడు.

ఇక చొక్కా ఆట. అది చూసినవాళ్లు దాని గురించి ఎక్కువ మాట్లాడరు. అవతలి అడవికీ కార్యదర్శులు ఉన్నారు, వాళ్లకూ ఫైనల్ ఉంది. వాళ్లూ తమ ఆణిముత్యాల్ని దాచుకుని, ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లను పంపారు. రెండు అడవుల పరువు మోస్తున్నవాళ్లు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ పొద్దు గుంకేదాకా తిరిగారు. ఒక్క గోలు కాదు సరికదా, ఒక్క పాయింటూ పడలేదు. చివరికి ఎవడో తన్నిన బంతి, స్తంభాల ముందు క్రమశిక్షణతో నిలబడ్డ అప్పలకొండ వీపుకు తగిలి నడిమి సందులోకి దొర్లింది. కాలితో తన్నింది కాదు కాబట్టి ఒక్క పాయింటే ఇచ్చారు. ఆ ఒక్క పాయింటుతో ఇవతలి అడవి గెలిచింది.

అప్పలకొండను భుజాల మీద ఊరేగించారు. మర్నాటికి చొక్కా అప్పలకొండగారు అయ్యాడు. నీటిగుంట దగ్గర దారి వదిలారు. మూడో నాటికి కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని, గెలుపులో వీపు ప్రాముఖ్యం గురించి వివరించడం మొదలెట్టాడు. చొక్కా విడిచిందీ లేదు, ఉతికిందీ లేదు.

గవరయ్యకు ఇదేమీ పట్టలేదు. చిట్టెబ్బాయి రోజూ సాధనకు వస్తున్నాడు. చెప్పిన పని చేస్తున్నాడు. బంతి వస్తే కళ్లు తెరిచి ఉన్నాయో లేదో అనుకుంటూ రెప్పలు ఆడిస్తున్నాడు, ఆలోగా బంతి పోతోంది. ఎడమ కాలితో తన్నబోయి ఒకసారి ఆగి, ఆ కాలివైపు చూసి, కుడికాలికి మార్చుకుంటున్నాడు. ఆకు కదిలితే చాలు, తల తిప్పి గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తున్నాడు.

గవరయ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఇక ఆగలేక వాణ్ణి ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

"ఒరే అబ్బాయ్, నేను సభలో చెప్పిందంతా అబద్ధంరా. నిన్ను కాపాడుకోడానికి చెప్పాను. ఫైనల్లో నువ్వు లేకపోతే మనం లేం. నీ అంత ఎత్తుకు లేచేవాణ్ణి నేను పుట్టి చూళ్లేదు."

చిట్టెబ్బాయి నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు.

"బాబాయ్, ఇన్నేళ్లలో నువ్వు నన్ను బాగున్నావని ఒక్కసారీ అన్లేదు. ఇప్పుడు ఫైనల్ ముందు అంటున్నావు. పదిమందిలో చెప్పింది అబద్ధం, చాటుగా నాకొక్కడికీ చెప్పేది నిజమా? లోకంలో మామూలుగా తిరగేసి కదా ఉంటుంది?"

అబద్ధాలకు గవరయ్య దగ్గర ఎన్ని మాటలైనా ఉన్నాయి. నిజాన్ని నమ్మించడానికి ఒక్కటీ దొరకలేదు.

"నేనేం అనుకోవడం లేదు బాబాయ్," అని వాడే లేచాడు. "పెంచినవాడివి. నీకు తెలియకుండా ఉంటుందా?"

ఫైనల్ రోజున అడవి ఖాళీ అయి మైదానం నిండింది. గాలి కూడా వచ్చింది, పిలిచినట్టు. చాటింపు విన్న అడవిలో రాతిగుట్ట జట్టు కూడా ఉంది కదా. వాళ్లు చిట్టెబ్బాయిని వాడి ఎడమవైపుకే నెట్టారు. బంతిని గాలికి ఎదురుగానే పంపారు. చాటింపుకు ముందు అయితే ఆ ఎత్తులేవీ పారేవి కావు, ఎందుకంటే వాడికి ఆ లోపాలేవీ లేవు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. గవరయ్య ఒక్కొక్కటే నోటితో చేసి ఇచ్చినవి, ఒక్కొక్కటే పనిచేస్తుంటే మైదానం గట్టు మీద నుంచి చూస్తూ కూర్చున్నాడు.

అటువైపు నూకరాజు ఆటకు పట్టపగ్గాలు లేవు. తను చెయ్యలేని పని ఏదో వాడికి ఎవరూ చెప్పలేదు. రెండు కాళ్లతో తన్నాడు, కొన్ని తప్పాయి, తప్పినవాటికి సిగ్గుపడలేదు. జనం అరిచేకొద్దీ ఇంకా పరుగెత్తాడు. వాడు నిజంగా బాగా ఆడుతున్నాడని మాణిక్యమ్మకే కాసేపటికి ఆశ్చర్యం వేసింది.

అయినా ఏటిగట్టు జట్టు కిందామీదా పడి వెంటపడింది. ఆట అయిపోవచ్చేసరికి ఒక్క గోలు పడితే కప్పు వచ్చేంత దగ్గరికి వచ్చారు. అప్పుడు మైదానం మధ్య నుంచి ఎవడో బంతిని ఎత్తుగా తన్నాడు. అది గాలిలో ఊగుతూ సరిగ్గా స్తంభాల ముందుకు వచ్చింది. కింద చిట్టెబ్బాయి ఒక్కడే ఉన్నాడు. చుట్టుపక్కల వాణ్ణి పట్టేవాడు లేడు. వాడు లేచి అందుకుంటే చాలు, ఆ దూరం నుంచి వాడి తల్లి కూడా గోలు కొట్టగలదు.

"లేవరా నాన్నా," అన్నాడు గవరయ్య. అరవలేదు.

చిట్టెబ్బాయి మోకాళ్లు వంచాడు. గాలి వైపు చూశాడు. చుట్టూ ఉన్న జనం వైపు చూశాడు. తర్వాత గట్టు మీద గవరయ్య వైపు చూశాడు, అడిగినట్టు. కాళ్లు నేల మీదే ఉండిపోయాయి. బంతి వాడి ముందు పడి, ఎగిరి, పక్క సందులోంచి దొర్లుకుంటూ పోయింది. దానికీ ఒక పాయింటు ఇచ్చారు. అది చాల్లేదు.

రాతిగుట్టవాళ్లు కప్పు ఎత్తుకుని గంతులేస్తుంటే, చిట్టెబ్బాయి మైదానం దాటి నేరుగా గవరయ్య దగ్గరికి వచ్చాడు. తిడతాడేమోనని గవరయ్య ఆశపడ్డాడు. తిడితే బాగుండును.

"నువ్వు చెప్పినట్టే అయింది బాబాయ్," అన్నాడు చిట్టెబ్బాయి. "నీకు ముందే తెలుసు. నేనే అనవసరంగా ఆశపడ్డాను."

ఆ మాట గవరయ్య గుండెలో దిగబడింది. కప్పు పోయిన సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తు లేదు. లేచి జనాన్ని తోసుకుంటూ వెళ్లి, ఎవరూ పిలవకుండానే మాను మొద్దు ఎక్కాడు.

"అందరూ వినండి," అన్నాడు. "చిట్టెబ్బాయి గురించి నేను చెప్పినవన్నీ అబద్ధాలు. నేనే కల్పించాను. ఈ అడవిలో, అవతలి అడవిలో, వాడంతటి ఆటగాడు లేడు. వాడు పుట్టిందే ఆ చొక్కాకు. వాడికి అది రాకుండా చేసింది నేను."

ఆయన జీవితంలో మొద్దెక్కి నిజం చెప్పడం అదే మొదలు.

మొసలి మెల్లగా ఉడుము వైపు వంగాడు. "ఇంత పొగుడుతున్నాడంటే, వాణ్ణి ఎవరికో అంటగట్టాలని చూస్తున్నాడు," అన్నాడు.

"ఓడాక ఎవరైనా చేసే పనే," అన్నాడు ఉడుము. "మా జట్టుకైతే వద్దు బాబూ."

గవరయ్య చూస్తుండగానే ఆ మాట జనంలో పాకింది. అందరూ జాలిగా చిట్టెబ్బాయి వైపు తిరిగారు. చొక్కా అప్పలకొండగారు పొట్టి కాళ్లతో వాడి దగ్గరికి నడిచి వచ్చి, అందినంత మేర వాడి తోక తట్టాడు.

"దిగులుపడకు నాయనా. అందరం పెద్ద ఆటకు పుట్టం," అన్నాడు. "నిలబడటం నేర్చుకో. నేను నేర్పుతాను."

"సరేనండి," అన్నాడు చిట్టెబ్బాయి. మన్ననగానే అన్నాడు, ఎంతైనా ఎదుటివాడి ఒంటి మీద చొక్కా ఉంది.

జనం పలచబడ్డాక గవరయ్య మొద్దు దిగి, దాని మొదట్లోనే కూలబడ్డాడు. మాణిక్యమ్మ అటుగా వెళుతూ ఆగింది. ఆవిడ వెనకాల కుర్రాళ్లు కప్పు మోసుకొస్తున్నారు. దాని వైపు ఆయన చూడలేదు.

"మాణిక్యమ్మగారూ, ఒక్క మాట అడుగుతాను. నూకరాజు నిజంగా మీరు చెప్పినంతవాడేనా?"

"కాదు గవరయ్యా," అంది ఆవిడ. "వాడు ఎంపిక కాకూడదనే మొద్దు దగ్గరికి నేనూ వచ్చాను. నువ్వు అబద్ధం ఆడినట్టే నేనూ ఆడాను. నువ్వు కిందకి ఆడావు, నేను పైకి ఆడాను."

ఆవిడ వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు చిట్టెబ్బాయి ఏటిగట్టు జట్టుకు ఆడాడు. ఒక్క ఆటా మానలేదు, ఒక్క మాటా అనలేదు. స్తంభాల ముందు, నిలబెట్టిన చోట, అప్పలకొండ నేర్పినట్టు బుద్ధిగా నిలబడేవాడు. గట్టు మీద గవరయ్య ఆట ఆటకూ గొంతు పోయేలా వాణ్ణి పొగిడేవాడు. పాపం, ముసలాయనకు మతి చలించిందని జనం సర్దుకుపోయారు.

నీతి: మనవాళ్ల గురించి అబద్ధమాడక తప్పని రోజు వస్తే, కాస్త ఖర్చెక్కువైనా మంచి అబద్ధమే ఆడాలి.